మోదుగు చెట్టుకు చెప్పుకున్నది

నేను మంచిదాన్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే, చివర్లో నా మీద జాలిపడే పని ఎవరికీ ఉండదు. ఆడవాళ్ళను అడవిలోకి తీసుకుపోయి, నెమ్మదిగా నడిపించి, మనసు తేలిక చేసి ఇంటికి పంపడం నా పని. రెండేళ్ళు చేశాను. అందులో ఒకామెకు నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అంతకుముందు పదిహేడేళ్ళు కోరుట్లలో బీడీలు చుట్టాను. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే. మెడ పట్టేసింది, దగ్గు పట్టుకుంది. అప్పుడే ఒక సంస్థ వాళ్ళు మా ఊళ్ళలో తిరిగారు. భర్తలు గల్ఫ్‌లో ఉండి, ఇక్కడ నిద్రపట్టక మాత్రలు మింగే ఆడవాళ్ళు మా వైపు ఎక్కువైపోయారట. వాళ్ళను మందుల్లేకుండా అడవిలో నడిపించి బాగుచేస్తారట. నడిపించడానికి పదో తరగతి చదివిన, నోరున్న ఆడమనిషి కావాలన్నారు. నోరు నాకు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. తీసుకున్నారు.

పది రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పుల్లేకుండా నడిచే ఒక సారు, గొంతు తగ్గించి, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడేవాడు. చెట్టు తొందరపడదు, మీరూ పడకండి. బరువు దించుకోండి. ఎవరికీ చెప్పనిది చెట్టుకు చెప్పండి. ఇవే మాటలు. పాఠాలు ఇంగ్లిషులో తెర మీద పడేవి. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని, పదో రోజుకు పేజీ అంతా ఆగకుండా చదివేశాను. సారు అందరితో చప్పట్లు కొట్టించాడు. ఈ చప్పట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి నడక సారంగాపూర్ అడవిలో. బుగ్గారం నుంచి పదిమంది జీపులో వచ్చారు. కళ్ళు మూసుకోండి, చేతికందిన ఆకును తాకండి, అది మీతో ఏం చెబుతోందో వినండి అన్నాను, సారు లాగే గొంతు తగ్గించి. కాసేపటికి చూస్తే అందరి ఒళ్ళలోనూ తునికాకుల దొంతరలున్నాయి. ముదురాకు వేరు, లేతాకు వేరు చేసి, ఈనెలన్నీ ఒకే వైపు తిప్పి పేర్చేస్తున్నారు. ఆకు ఏం చెప్పిందని అడిగితే, ఒక ముసలమ్మ ఆకును ఎండకు ఎత్తి చూసి, దీంట్లో రెండు బీడీలు వస్తాయని చెప్పింది. నవ్వు ఆపుకోలేకపోయాను. కిందికి చూసుకుంటే నా చేతిలోనూ ఒక దొంతర ఉంది.

ఫోన్లు తీసుకోవడం మాత్రం నవ్వులాట కాదు. నడక మొదలయ్యేముందు అందరి ఫోన్లూ నా గుడ్డసంచిలో వేయాలి, అది సంస్థ పెట్టిన నియమం. మా ఆడవాళ్ళు స్నానానికి పోయినా ఫోన్ కిటికీలో పెట్టుకునే రకం. అక్కడ ఆయన డ్యూటీ దిగి ఎప్పుడు చేస్తాడో తెలియదు, ఒకసారి తప్పిపోతే మళ్ళీ రేపే. ఇవ్వం అని మొండికేసేవాళ్ళు. నేను చేతిలోంచి గుంజుకునేదాన్ని. రెండు గంటలు మొగడి గొంతు వినకపోతే చస్తారా అని ముఖం మీదే అడిగేదాన్ని. వాళ్ళు నవ్వలేక నవ్వి ఇచ్చేసేవాళ్ళు.

తర్వాత నన్ను కోనరావుపేట వైపు వేశారు. సోమవారం, గురువారం నడక. కోరుట్ల నుంచి పోయి సిరిసిల్లలో బస్సు మారాలి. ఒక సోమవారం పొద్దున సిరిసిల్ల బస్టాండులో చాయ్ తాగుతుంటే పాతికేళ్ళ మనిషొకడు దగ్గరికొచ్చాడు. కోనరావుపేట పక్క ఊరట. అడవి నడిపించే అక్కవు నువ్వేనా అని అడిగి, అటూ ఇటూ చూసి, గొంతు దించాడు.

“అక్కా, మా అన్న పోయిండు. నాలుగొద్దులాయె. రూముల పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట. మా వదినకు ఎర్క లేదు. ఇంట్ల ఫోన్ మోగితే మా పానాలు పోతున్నయ్. నీ అడవికి తోల్కపో, గా రెండు గంటలన్న ఫోన్ ఆమె చేతిల ఉండది.”

బయటివాళ్ళకు ఇది ఘోరంగా అనిపించవచ్చు. మా వైపు ఇది పద్ధతి. గల్ఫ్‌లో మనిషి చనిపోతే, శవం ఉన్న పెట్టె ఇంటికొచ్చేదాకా భార్యకు చెప్పరు. పెట్టె రావడానికి నెల పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. అన్ని రోజులు ఆమె అన్నం ముట్టదని, ఏమైనా చేసుకుంటుందని భయం. అందుకని ఊరంతటికీ తెలిసినా ఆమె ఒక్కతెకే తెలియదు. ఫోన్ ఖరాబైందంటారు, దవాఖానలో ఉన్నాడంటారు. అంబులెన్సు వాకిట్లో ఆగినప్పుడు ఆమెకు తెలుస్తుంది. చివరిసారి ముఖం చూసుకుని ఏడుస్తుంది. అందరూ దాన్ని దయ అంటారు, నేనూ అదే అనుకున్నాను, పంపమన్నాను.

అతని వదిన ఆ రోజే వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా, ఎత్తుగా ఉంది. ఫోన్ ఇవ్వమంటే అందరిలా పేచీ పెట్టలేదు. ఒకసారి తెర చూసుకుని, సంచిలో వేసి, మోగితే నన్ను పిలువక్కా అని మాత్రం అంది. పిలుస్తానన్నాను. అది నేను ఆమెకు చెప్పిన మొదటి అబద్ధం.

అడవి మొదట్లో ఎండ పలచగా ఉంది. టేకు ఆకులు కాళ్ళ కింద గలగలమంటున్నాయి. నెమ్మదిగా నడిపించి, ఒక్కొక్కరినీ ఒక్కో చెట్టు ఎంచుకోమన్నాను. మిగతావాళ్ళు దగ్గరున్న టేకుల దగ్గర ఆగి ముసిముసిగా నవ్వుకుంటుంటే, ఆమె ఎత్తు మీద ఉన్న మోదుగు చెట్టు దాకా పోయింది. ఎవరికీ చెప్పనిది చెట్టుకు చెప్పండి అన్నాను. ఆ సమయంలో నడిపించేవాళ్ళు దూరంగా జరగాలి, వినకూడదు. మా పనిలో అన్నిటికన్నా పెద్ద నియమం అది. నేను ఆమె వెనక పొదకు ఇవతల నిలబడి చెవులు రిక్కించి విన్నాను.

చెట్టుతో మాట్లాడుతున్నట్టు లేదు, భర్తతోనే మాట్లాడుతోంది. అతను ఇంకో ఏడాది అక్కడే ఉంటానని అన్నాడట. ఆమెకు కడుపు మండి, అయితే అక్కడే ఉండు, ఇంక నాకు ఫోన్ చెయ్యకు అని పెట్టేసిందట. గురువారం సాయంత్రం. అతను పోయింది ఆ గురువారమే. చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకుని చూశాను, సందేహమే లేదు. ఆ మాట వినే పడుకున్నాడు.

“కోపంల అన్న. నువ్వు నిజంగనే బంద్ చేసినవా? గింత కోపమా?” అని చెట్టు బెరడు మీద అరచేత్తో మెల్లగా కొట్టింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

“అక్కా, మొగోళ్ళ కోపం ఎన్నొద్దులు ఉంటది?”

సారు నేర్పిన మాటలు ఇలాంటప్పుడే పనికొస్తాయి. చెట్టు తొందరపడదు చెల్లె, నువ్వూ పడకు అన్నాను. ఆమె ముఖం తేటపడింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. నా నడక వల్ల ఒకామె మారిందని చూసుకోవాలనే యావ నాకు. మనసులో ఉన్నది ఆయనకే చెప్పేయరాదా, బరువు దిగుతుంది కదా అని సలహా ఇచ్చాను. నడక అయిపోగానే ఫోన్ తీసుకుని, జీపు వెనక్కి పోయి, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. తప్పైంది, నేనే చేస్తాను ఫోన్, ఎత్తు అని. వచ్చి నాకు తెర చూపించింది. ఒకటే టిక్కు పడింది, అవతలికి చేరనే లేదు. ఫోన్ ఆఫ్ చేసుకున్నట్టున్నాడు అని సిగ్గుపడుతూ నవ్వింది.

ఆ వారం సంస్థకు పంపిన రిపోర్టులో, ఒక మహిళ భర్తతో రాజీకి ముందుకొచ్చింది అని రాశాను. బాగుంది అని జవాబు కూడా వచ్చింది.

గురువారం వచ్చింది, మళ్ళీ సోమవారం వచ్చింది. చెట్టు దగ్గర చెప్పుకోవడం, నడక కాగానే రికార్డు చేసి పంపడం, అన్నిటికీ ఒక్కొక్క టిక్కు. అయినా మనిషి తేలికపడుతోందని అందరూ అన్నారు. రాత్రి రెండు ముద్దలు తింటోందట. ఆమె అత్త నాకు జీపు డ్రైవరు చేత జొన్న రొట్టెలు పంపించింది. సిగ్గు లేకుండా తిన్నాను.

ఆ రెండో సోమవారమే ఆమె మరిది మళ్ళీ సిరిసిల్ల బస్టాండులో ఎదురొచ్చాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. అన్నను తెచ్చే కాగితం అక్కా, భార్య సంతకం కావాలట, నేనిస్తే అనుమానపడుతుంది, నీ కాగితాలలో కలుపు అన్నాడు. మా నడకకు ఒక కాగితం ఉండేది. పాము కరిచినా, ముల్లు గుచ్చుకున్నా నడకకు వచ్చినవాళ్ళదే బాధ్యత అని రాసి ఉన్నదాని మీద ప్రతిసారీ సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఏ ఆడమనిషీ దాన్ని చదవలేదు. బీడీ కార్ఖానాలో ఏళ్ళ తరబడి పుస్తకం ముందుకు తోస్తే సంతకం పెట్టి లేచే అలవాటు మాది. పెన్ను ఇస్తే పెట్టేస్తాం.

అతనిచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది. చిన్నవి రెండు పేరాలు. బస్సులో ముప్పావుగంట ప్రయాణం. కాగితం నా ఒళ్ళో ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చదవడం రాదని చెప్పుకోవడానికి లేదు, నాకు చప్పట్లు కొట్టించారు. చదివితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని చదవలేదు. ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. ఆమెకు తెలియనిది నాకు తెలుసు అనే గర్వం ఒకటి నాలో ఉంది. ఆమె నవ్వుతుంటే, అయ్యో పిచ్చిదానా అనుకుంటూ చూడటంలో నాకొక రుచి దొరికింది. అంత పాడుబుద్ధి నాది.

అందరి సంతకాలూ అయ్యాక ఆమెకు రెండు కాగితాలు ఇచ్చాను. మొదటిదాని మీద పెట్టింది. రెండోది చూసి ఆగింది.

“గిదేంది అక్కా?”

“గదీ అడవిదే చెల్లె. పెట్టు.”

పెట్టింది. తన పేరు రాసి, అడక్కపోయినా పక్కన వైఫ్ ఆఫ్ అని భర్త పేరు కూడా గుండ్రంగా రాసింది. రాసి ఒక్క క్షణం దాన్ని చూసుకుంది. మరిది మధ్యాహ్నం జీపు దగ్గరికొచ్చి కాగితం తీసుకుపోయాడు.

ఆ గురువారం ఆమె మోదుగు దగ్గర ఉన్నప్పుడు నా భుజాన సంచిలో ఫోన్ మోగింది. తీసి చూశాను. ఆమెదే. పొడుగాటి నంబరు, గల్ఫ్‌ది. అది వీడియో కాల్. పిలువక్కా అని ఆమె మొదటిరోజు అన్న మాట గుర్తుకొచ్చింది. ఆమె నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది, ఒక్క కేక వేస్తే చాలు. కాల్ కట్ చేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్ చేశాను. మూడోసారి కూడా చేశాను. ఆమె ఫోన్‌కు లాక్ లేదు. చూస్తే తిరిగి చేస్తుందని, కాల్ వచ్చిన గుర్తు కూడా తుడిచేసి, ఆ నంబరు మళ్ళీ రాకుండా ఆపేశాను. పెట్టె వచ్చేదాకా కాపాడాను అనుకుని, ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాను.

తర్వాత రెండు వారాలు ఆమె నడకకు రాలేదు. ఏం జరిగిందో జీపు డ్రైవరు చెప్పాడు. అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్న మనిషి సెలవు మీద ఊరికొచ్చి, పలకరించడానికి ఆమె ఇంటికి పోయాడట. ఆమెకు తెలుసనే అనుకున్నాడు పాపం. వాకిట్లో నిలబడి, మేమందరం కలిసి శుక్రవారం మట్టి పెట్టినం వదినా, పెట్టెలో పంపుదామంటే నువ్వే వద్దని సంతకం చేసి పంపితివట అని ఏడ్చాడట. ముందురోజు ముఖం చూపిద్దామని మూడుసార్లు వీడియో కాల్ చేశానని, ఎందుకు ఎత్తలేదని అడిగాడట.

ఆ కాగితం శవాన్ని తెచ్చేది కాదు. అక్కడే పాతిపెట్టడానికి ఒప్పుకుంటున్నానని రాసిన కాగితం. కంపెనీ వాళ్ళు మరిదితో మాట్లాడుకున్నారు. గొడవ లేకుండా అక్కడే ముగిస్తే, అన్న పనిలో తమ్ముడిని పెట్టుకుంటామన్నారట. వాడి వీసా వచ్చేసింది. వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాడికి కాగితంలో ఏముందో తెలుసు, నేను వీలుండి కూడా తెలుసుకోలేదు. ఇద్దరిలో ఎవరు మెరుగో నేను తేల్చలేను.

వారం తర్వాత, నడక లేని రోజు, ఆమె నుంచి నాకు ఫోన్ వచ్చింది. రేపు పొద్దున అడవికి రా అక్కా అంది, అంతే. ఎందుకో చెప్పలేదు. పోకుండా ఉండటానికి నాకు ధైర్యం చాలలేదు.

మోదుగు చెట్టు కిందే కూర్చుని ఉంది. బొట్టు లేదు. ఆ స్థితిలో ఉన్న ఆడమనిషి గడప దాటకూడదని పెద్దవాళ్ళు అడ్డం పడ్డారట, నెట్టుకుని వచ్చేసింది. పక్కన ఒక చాట, దారపు ఉండ, కొబ్బరికాయ ఉన్నాయి. శరీరం దొరకనప్పుడు మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి దహనం చేయాలని కర్మ చేయించే అయ్యగారు చెప్పాడు. తలకు కొబ్బరికాయ పెడతారు. ఆకు తేవలసిన మరిది గల్ఫ్ పోయేముందు చేసే మెడికల్ పరీక్షకు హైదరాబాద్ పోయాడు, మధ్యాహ్నం బస్సుకు దిగుతాడు. ఆకు నేనే తెస్తానని ఆమె అందట.

నన్ను కొయ్యమంది. కోశాను. కట్టమంది.

“నీ చేతులకు దారం చుట్టుడు ఎర్కనే గద అక్కా. కట్టు.”

కట్టాను. ఆకులను దొంతరలుగా పేర్చి, ఈనెలు ఒక వైపు తిప్పి, దారం బిగించి రెండు కాళ్ళు, రెండు చేతులు, నడుము కట్టాను. పదిహేడేళ్ళ అలవాటు, ఎక్కడా ముడి జారలేదు. ఆమె పక్కన కూర్చుని కాళ్ళు ఇంకొంచెం పొడుగని, భుజాలు ఇంత వెడల్పు కాదని చెబుతూ పోయింది. ఎంత ఎత్తో తన చేతితో కొలిచి చూపించింది. చివరికి కొబ్బరికాయ నా చేతికిచ్చింది.

“ముఖమెట్ల పెడ్తవ్?” అని అడిగింది.

కొబ్బరికాయను చాటలో పెట్టేశాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. చెయ్యి ఎత్తి ఆపింది. లేచి నన్ను చెట్టు వైపు తిప్పి నిలబెట్టింది.

“నాకొద్దు. చెట్టుకు చెప్పు. ఎవ్వలకు చెప్పంది చెప్పు. నువ్వు ఎనక నిలవడి ఇనలేదు గద, నేను గూడ ఇనను.”

విన్నానని ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట. బెరడు మీద చెయ్యి ఆనించి చెప్పాను. నాకు ఇంగ్లిషు చదవడం వచ్చని, కాగితం ముప్పావుగంట నా ఒళ్ళో ఉన్నా చదవలేదని చెప్పాను. ముఖం చూపించడానికి కాల్ వస్తే మూడుసార్లు కట్ చేసింది నేనేనని, గుర్తు తుడిచేసిందీ నేనేనని చెప్పాను. ఆయన ఎప్పుడో పోయాడని తెలిసి కూడా, ఆమె చేత ఆయనకు తప్పైందని చెప్పించానని చెప్పాను. నీ గొంతు చాలలేదు, గట్టిగా మళ్ళీ చెప్పు అని ఆమె వెనకనుంచి అంది. మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.

వెనక్కి తిరిగేసరికి ఆమె ఫోన్ నా భుజం దగ్గర పట్టుకుని ఉంది. బొటనవేలు మైకు గుర్తు మీద నొక్కి ఉంది. వేలు తీసింది. నేను ఏం చేస్తుందో అని చూస్తుంటే తెర నా వైపు తిప్పింది. భర్త నంబరే. పైనంతా ఆమె పంపిన మాటలు, తప్పైంది, ఎత్తు, తిన్నవా, వరసగా ఉన్నాయి. వాటి కింద నా గొంతు పోయి పడింది. దానికీ ఒకటే టిక్కు.